సువర్ణభూమికి రేవు: కోరంగి

బంగారము దొరకిన ఊళ్ళ చరిత్ర ఒక విధమైనది; బంగారము దొరకునను ఆశతో జనము ఏ ఊరినుండి బయలుదేరిరో ఆ ఊరి చరిత్ర మరియొక విధమైనది. మొదటి తెగకు చెందినవి పూర్వపు అనంతపురము జిల్లాలోని రామగిరి, కర్నూలు జిల్లాలోని జొన్నగిరి, తెలుగువారు వేలకొలదిగా పని చేసిన కోలారు గనులు. వీనినిగూర్చి భూగర్భ శాస్త్రజ్ఞులును చారిత్రకులును కొంత వ్రాసియున్నారు. గోదావరి పాయల నడుమ అట్టి నేల లేదు. అచట నేల త్రవ్విన ఒండ్రుమట్టియే కాని ఖనిజము రాదు. ఐనను రెండవ తెగకు చెందిన ఊరొకటి ఆ సాగరసంగమమున కలదు. అది కోరంగి. నేడది కాకినాడ జిల్లా తాళ్ళరేవు మండలములోని ఒక గ్రామము. కాకినాడనుండి యానాము పోవు బాటసారులు మడ అడవులను చూచుటకై అచట దిగుచున్నారు. ఊరిని చూచువారు తక్కువ. కాని ఈ ఊరి పేరు ఒకప్పుడు సముద్రమునకావల ఒక జాతికంతకు పేరైనది. బర్మాలో తెలుగువాడు ఏ జిల్లావాడైనను ‘కోరంగి’యే. ఒక రేవు పేరు ఒక ప్రజకు పేరగుటయు, ఆ పేరు క్రమముగా చులకన మాటయగుటయు ఎట్లు జరిగెనో విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

మొదట పేరునుగూర్చి కొంత చెప్పవలెను. స్థలపురాణము ‘కురంగ’ శబ్దమును పట్టుకొన్నది. మారీచుడు బంగారు లేడి రూపము ధరించి సీతారాములను మోసపుచ్చిన కథకును ఈ ఊరికిని ముడి పెట్టి, ఇచటి కోరంగేశ్వరస్వామిని ఆ మారీచుడే ప్రతిష్ఠించెనని చెప్పుదురు. గోదావరి ఏడు పాయలుగా సముద్రమున కలియుచోట్ల స్నానము చేయు సప్తసాగరయాత్రలో కోరంగి ఆత్రేయ సంగమమునకు చేరిన క్షేత్రము. స్థలపురాణములు ఊరి పేరు పుట్టిన చాలకాలమునకు పుట్టునవి కావున దీనిని వ్యుత్పత్తికి ప్రమాణముగా గ్రహింపరాదు. కాని బంగారమునకై పరుగెత్తిన ఊరి పేరునకు బంగారు లేడి కథ తగిలియుండుట చిత్రముగనే యున్నది.

యూల్, బర్నెల్ అను పండితులు 1886లో ప్రకటించిన ‘హాబ్సన్-జాబ్సన్’ అను ఆంగ్లో-ఇండియన్ పదకోశమున కోరంగి బహుశః ‘కళింగ’ శబ్దమునకు వికృతియై యుండునని వ్రాసిరి. ఆ మాటను పిమ్మటివారు పలువురు పరీక్షింపకయే తిరిగి వ్రాసిరి. ఇది నిలుచునట్టిది కాదని నా తలంపు. మలయా దేశమున దక్షిణ భారతీయులకు గల ‘క్లింగ్’ అను పేరు కళింగ శబ్దభవమనుటకు అభ్యంతరము లేదు. అందు మొదటి అచ్చు లోపించినది, లకారము నిలిచినది. కోరంగిలోనన్ననో అకారము ఓకారమును, లకారము రేఫమును, ఇకారము అకారమును కావలసి వచ్చుచున్నది. ఒక్క చిన్న పదమున ఇన్ని మార్పులను కల్పింపవలసిన అవసరమేమి? అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. ఇదే తీరమున ఉత్తరమున కళింగపట్నము కలదు. తెలుగువాని నాలుక ఆ పేరును చెక్కు చెదరక నిలుపుకొన్నది. ఒకచోట నిలిచిన పదము ఒకచోట ఇంతగా రూపు మారుటకు కారణము కనబడదు.

ఇక మూడవది. ‘కోరంగీ’ యనునది అమరకోశమున చిన్న ఏలకికి గల పర్యాయములలో ఒకటి. ఏలకి ఈ లంకలలో పండునది కాదు, ఓడలపై రావలసినదే. సరకును బట్టి రేవునకు పేరు వచ్చుట అసంభవము కాదు. నిశ్చయముగా చెప్పుటకు శాసనాధారము కావలెను గనుక ఈ మార్గమును సూచించి విడుచుచున్నాను. కళింగ వ్యుత్పత్తికంటె ఇది ధ్వనిశాస్త్రమునకు దగ్గరగా నున్నదని మాత్రము చెప్పవచ్చును.

క్రీస్తు శకము రెండవ శతాబ్దిలో టాలెమీ వ్రాసిన భూగోళమున మన తీరము ‘మైసోలియా’ అని పేర్కొనబడినది. అందు వరుసగా చెప్పబడిన రేవులలో కొంటకొస్సిల యనునది కృష్ణా జిల్లాలోని ఘంటసాల యనుట నిర్వివాదాంశము. ప్రాకృత శాసనములలో ఆ ఊరి పేరు కంటకసోల రూపమున కనబడుచున్నది. ఆ రేవులను చెప్పిన పిమ్మట టాలెమీ ఒక స్థలమునకు పేరు చెప్పక దాని పనిని మాత్రము చెప్పెను. అది ‘క్రిసె’కు పోవు నావలు తీరమును విడిచి నడిసముద్రమున పడుచోటు. గ్రీకు భాషలో ‘అఫెటీరియాన్’ అనగా బయలుదేరు స్థలము. ‘క్రిసె’ అనగా బంగారము. అంతవరకు గట్టును చూచుకొనుచు సాగిన ఓడ ఇచట తూర్పునకు ముఖము త్రిప్పి, సువర్ణభూమికై గట్టు కనబడని నీటిలోనికి పోయెడిదన్నమాట. ఈ స్థలము గోదావరి ముఖద్వారమని కొందరును, ఇంకను ఉత్తరమున కళింగ తీరమని కొందరును చెప్పుచున్నారు. టాలెమీ లెక్కలు గజము కోలతో కొలిచినట్లు పట్టుకొనరాదు. ఐనను గోదావరి ముఖము ఆనాడు నిర్జన ప్రదేశము కాదనుటకు కోనసీమలోని ఆదుర్రు బౌద్ధ స్తూపమును, పిఠాపురము చెంత కొడవలిలోని సాతవాహన చంద్రసాతి శాసనమును చాలును. బౌద్ధ సంఘములు వర్తకుల దానములతో బ్రతికినవి. వర్తకులు లేనిచోట స్తూపములు లేవవు.

సువర్ణభూమి అనగా ఏది? సింహళ మహావంశమున అశోకుని కాలమున సోణ, ఉత్తరులను థేరులు ఆ భూమికి ధర్మప్రచారమునకై పోయిరని కలదు. మహాజనక జాతకమున రాకుమారుడు ధనార్జనకై ఆ భూమికే ఓడ ఎక్కి నడిసముద్రమున ఓడ పగిలి ఏడు దినములు నీటిలో ఈదును. బర్మావారు అది తమ దిగువ దేశమేయని చెప్పుకొందురు. సుమత్రా, మలయాలను చెప్పువారును కలరు. వాదము తీరలేదు. మనకు ఇచట కావలసినది వేరొక సాక్ష్యము. బర్మాలో ప్రోము చెంత హ్మాజా ప్రాంతమున మాంగన్ అను పల్లెలో 1897లో రెండు బంగారు రేకులు దొరకినవి. 1926లో ఖిన్‌బా దిబ్బను త్రవ్వగా ఇరువది బంగారు రేకులతో కూర్చిన ఒక పొత్తము దొరకినది. వీనిపై పాళీ భాషలో బౌద్ధ సూత్రములు చెక్కబడియున్నవి. లిపి కదంబుల కన్నడ లిపికిని, మన వేంగీ శాలంకాయనుల లిపికిని దగ్గరి చుట్టము. అనగా, ఆ దేశమున అంతవరకు దొరకిన వ్రాతలలో మిగుల ప్రాచీనమైనవానికి అక్షరములు మన తీరపువారి చేతినుండియో, వారి శిష్యుల చేతినుండియో పోయినవి. బంగారము తెచ్చుకొనుటకు పోయినవారు ఓనమాలను ఇచ్చి వచ్చిరన్నచో అతిశయోక్తి కాదు.

దిగువ బర్మాలోని మోన్ జాతివారికి గల ‘తలైంగ్’ అను పేరు ‘తెలింగ’ నుండి వచ్చినదని ఫేర్ మొదలగువారు అభిప్రాయపడిరి. ఈ మతమును పిమ్మటి భాషావేత్తలు కొందరు త్రోసిపుచ్చిరి. దానిపై ఇల్లు కట్టుట మంచిది కాదు గాన విడిచి ముందునకు పోవుదము.

మధ్యకాలపు సంగతులను దాటి 18వ శతాబ్దికి వచ్చినచో కోరంగి స్పష్టముగా కనబడును. చుట్టుప్రక్కల ఎంత రద్దీయో చూడుడు. పొరుగున యానాములో ఫ్రెంచివారు, కాకినాడ జగన్నాయకపురమున డచ్చివారు, ఇంజరము, నీలపల్లెలలో ఆంగ్లేయులు. అందరికిని కావలసినది ఈ ప్రాంతపు నేతగుడ్డ. 1758లో చందుర్తి యుద్ధమున ఫ్రెంచివారు ఓడిన పిమ్మట ఈ తీరము ఆంగ్లేయుల వశమగుటకు దారి ఏర్పడినది. కోరంగికి గల ప్రత్యేకత వర్తకముకంటె ఓడల పనియే. గౌతమి నుండి విడివడిన కోరంగి పాయ సముద్రపు పోటునకు దూరముగా నుండుటచే పెద్ద ఓడలను లోనికి తెచ్చి బాగుచేయుటకు అనువుగా నుండెను. కలకత్తాకును సింహళములోని ట్రింకోమలీకిని నడుమ పెద్ద ఓడను రేవున దింపి బాగుచేయదగిన చోటు ఇది యొక్కటియేయని ఆనాటివారు చెప్పుకొనిరి. 19వ శతాబ్ది ఆరంభమున ఎబెనెజర్ రోబక్ అను వర్తకుడు ఇచట ఓడలకు డాకు కట్టించెను. వడ్రంగులు, కమ్మరులు, తెరచాపలు కుట్టువారు, మోకులు పేనువారు, నార కొట్టి సందులలో కూరి కీలు పూయువారు—ఒక ఊరంతయు ఓడ చుట్టు బ్రతికెను. ఆ పని యొక్క జాడ తాళ్ళరేవు ప్రాంతమున ఇప్పటికిని తెగిపోలేదు. కొయ్య పడవలను కట్టువారు అచట నేటికిని కలరు.

ఇట్టి ఊరిని సముద్రము రెండుమారులు ముంచివేసెను. 1789 డిసెంబరులో మూడు పెద్ద కెరటములు ఒకదానివెంట ఒకటి వచ్చి ఊరిని ఊడ్చుకొనిపోయినవి. ఇరువది వేలమంది మరణించిరని చెప్పుదురు. 1839 నవంబరు 25వ తేదీన మరియొక గాలివాన. దీనికి మూడు లక్షల మంది మృతులనియు, ఇరువది వేల నావలు నాశనమైనవనియు పుస్తకములలో తరచుగా కనబడుచున్నది. ఈ అంకెలను నేను విశ్వసింపజాలను. ఇరువది వేల నావలు ఒక్కమారు నిలువదగిన నీరు ఆ పాయకు లేదు. ఆనాటి గ్రామముల జనసంఖ్యను తలచినను మూడు లక్షలు పొసగవు. గాలివాన ఘోరమైనదనుటకు సందేహము లేదు. కాని ఘోరమును చెప్పుటకు సున్నలను చేర్చుట చరిత్ర కాదు. ఈ ఊరికి విజ్ఞాన చరిత్రలో ఒక చోటు మాత్రము నిశ్చయముగా దక్కినది. కలకత్తాలో నుండిన హెన్రీ పిడింగ్టన్ సుడిగాలులను పరిశీలించి 1848లో నావికులకై వ్రాసిన గ్రంథమున, పాము చుట్టను తలపించు గ్రీకు మాటనుండి ‘సైక్లోన్’ అను పదమును కల్పించెను. ఆయన వర్ణించిన ఉపద్రవములలో 1789 నాటి కోరంగి ఉప్పెన ప్రధానమైనది. నేడు ప్రపంచమంతయు వాడు ఆ మాట పుట్టుకలో మన లంకలవారి మరణములు కలవని ఎరిగినవారు కొలదిమంది.

గాలివాన ఊరిని చంపలేదు. ఊరిని చంపినది ఒండ్రు. గోదావరి ఏటేట తెచ్చు మట్టి ముఖద్వారమును పూడ్చుచు వచ్చినది. కాకినాడకు ఎదురుగా నేడు హోప్ ద్వీపమని పిలువబడు ఇసుక మేట అట్లు పెరిగినదే. ఇంతలో ధవళేశ్వరము ఆనకట్ట వెలసెను. 1847లో సర్ ఆర్థర్ కాటన్ ఆరంభించిన పని 1852లో ముగిసెను. ఆనకట్టతో వచ్చిన కాలువలు నీటినే కాక పడవలను గూడ నడిపినవి. సరకు నేరుగా కాలువపై కాకినాడ చేరుచుండగా ఇక కోరంగికి పోవలసిన పని ఏమి? అమెరికాలో అంతర్యుద్ధము జరిగిన కాలమున (1861–65) ప్రత్తికి వచ్చిన గిరాకితో కాకినాడ స్థిరపడెను. కోరంగి రేవు మెల్లగా మూతపడెను.

ఇచటనే ఈ కథలోని విపరీతము ఆరంభమగుచున్నది. రేవు పూడుచున్నది, రేవు పేరు పెరుగుచున్నది.

1834లో బ్రిటిషు వలస రాజ్యములలో బానిసత్వము రద్దు చేయబడగా చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చిరి. మారిషసు దీవికి ఈ తీరమునుండి పోయిన తెలుగువారు కొందరు 1843లో ‘కోరంగా ప్యాకెట్’ అను నౌకపై దిగిరి. వారికి ఆ దీవిలో ‘కోరంగి’ యనియే పేరు వచ్చెను. ఆ దీవి చరిత్ర వేరుగా వ్రాయదగినది. మనకు ముఖ్యమైనది బర్మా.

1852. గోదావరి ఆనకట్ట ముగిసిన ఆ సంవత్సరముననే డిసెంబరులో దిగువ బర్మా కంపెనీ ప్రభుత్వమున చేరినది. ఒకే ఏట రెండు నదీముఖములు తెల్లవారి లెక్కల పుస్తకములకు ఎక్కినవి. ఒకటి గోదావరి, రెండవది ఐరావతి. 1869లో సూయజు కాలువ తెరచుటతో ఐరోపాకు బియ్యము పోవు దారి దగ్గరయ్యెను. దిగువ బర్మాలో 1855 ప్రాంతమున పది లక్షల ఎకరములకు మించని వరిచేలు 1930 దశాబ్దికి ఎనుబది లక్షలు దాటినవి. అడవిని నరికి చేలు చేసినవారు ఎక్కువగా బర్మీయులే. కాని కోతకును, మిల్లునకును, రేవునకును చేతులు చాలలేదు. ఆ చేతులు బంగాళాఖాతమునకు ఈవలి గట్టునుండి పోయినవి. బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు కాకినాడ, విశాఖపట్నము, భీమునిపట్నము, కళింగపట్నము, గోపాలపురము రేవులనుండి రంగూనునకు జనమును చేరవేసినవి. స్టీమర్లు కోరంగికి రాలేదు. ఎక్కినవారిలో పెక్కుమంది ఉత్తరపు జిల్లాలవారు. విశాఖపట్నము, శ్రీకాకుళము ప్రాంతముల బీదలు. కోరంగిని కంటితో చూచినవారు కారు. ఐనను రంగూనులో దిగిన మరుక్షణమున అందరును కోరంగులైరి. తెరచాప ఓడల కాలమున ఏర్పడిన పేరు ఆవిరి ఓడల కాలపువారి మెడకు తగులుకొన్నది.

ఇంటివద్ద ఆ నగరమునకు ‘రంగము’ అని పేరు. ‘రంగం వెళ్ళినాడు’ అన్న ఒక్క మాటలో అప్పు తీర్చుటకు పోయినాడనియు, చెప్పక పోయినాడనియు, తిరిగి వచ్చునో రాడో తెలియదనియు అన్ని అర్థములు ఇమిడియుండెడివి. సోమరాజు రామానుజరావుగారి ‘రంగూన్ రౌడీ’ నాటకము తెలుగు రంగస్థలమున ప్రసిద్ధి కెక్కుటకు ఆ నగరము పేరునకు ఇంటింటను గల భయమును ఆకర్షణయు కొంత కారణమని తోచుచున్నది. నేడు కోనసీమనుండియు పశ్చిమ గోదావరినుండియు కువైటు మొదలగు దేశములకు పోవువారి ఇండ్లలో ఆ మాటకు సాటియైన మాటలు వినవచ్చును.

రంగూనులో దొరకిన బంగారమెట్టిది? 1933లో ఆండ్రూ అను అధికారి రంగూనులోని భారతీయ కార్మికులనుగూర్చి వ్రాసిన గ్రంథమున మేస్త్రీ పద్ధతి వివరముగా కలదు. మేస్త్రీ ఊరికి వచ్చి ముందుగా కొంత సొమ్ము చేత పెట్టును, ఓడ కూలి కట్టును. దిగినది మొదలు ఆ బాకీ తీరువరకు కూలివాడు మేస్త్రీవాడు. మిల్లు యజమానికి కూలివాడు తెలియడు, మేస్త్రీయే తెలియును. పైమేస్త్రీ, నడిమి మేస్త్రీ, క్రింది మేస్త్రీ—ఒక్కొక్క మెట్టున కొంత కోత. మిగిలినది కూలివాని చేతికి వచ్చును. ధాన్యపు మిల్లులలో బస్తాలు మోయువారు, రేవున సరకు దించువారు, రిక్షాలు లాగువారు, వీధులు ఊడ్చువారు ఎక్కువగా తెలుగువారే. ఒక్కొక్క గదిలో వంతులవారీగా నిద్రించిరి. పగటి పనివాడు లేచిన చోట రాత్రి పనివాడు పండుకొనెను. స్త్రీలు అతి స్వల్పము. 1931 జనాభా లెక్కలలో రంగూనులోని 4,00,415 మందిలో 2,12,929 మంది భారతీయులు. అనగా ఒక దేశపు రాజధానిలో ఆ దేశీయులకంటె పరదేశీయులు ఎక్కువ. బర్మాయంతటను తెలుగువారు లక్షన్నరకు పైబడియుండిరి.

ఇట్టి పనులు చేయువారిని సూచించుటచే ‘కోరంగి’ యను మాట అర్థము మారినది. మొదట ఊరి పేరు. పిదప ఊరినుండి వచ్చిన ఓడవాని పేరు. ఆ పిదప తెలుగువాని పేరు. తుదకు బరువు మోయువాని పేరు. అర్థశాస్త్రమున దీనిని అర్థాపకర్ష మందురు. మాట చెడుటకు మాటలో దోషము లేదు. మాట సూచించు మనుష్యుని యెడ లోకమునకు గల భావమే దోషము.

ఇచట మన పండితుల వైఖరినిగూర్చి ఒక మాట చెప్పక తప్పదు. 1926లో కలకత్తాలో బృహత్తర భారత పరిషత్తు ఏర్పడెను. ప్రాచీన హిందువులు సముద్రములు దాటి నాగరికతను వ్యాపింపజేసిరని గ్రంథములు వెలువడినవి. ఆర్.సి. మజుందారుగారి ‘సువర్ణద్వీపము’ 1937లో ప్రకటింపబడినది. ఆ సంవత్సరముననే ఏప్రిల్ 1వ తేదీన బర్మా భారతదేశమునుండి విడదీయబడినది. తెలుగులోను ఆ ధోరణిలో మనవారు టాలెమీని, బంగారు రేకులను ఉదహరించి గర్వించిరి. గర్వించుటకు తగిన సంగతులే అవి. కాని ఆ నీటిపైననే, ఆ తీరమునుండియే, ఆ కాలముననే ప్రతి సంవత్సరము పోవుచుండిన లక్షలాది కూలీలు వారి చరిత్రలలోనికి రాలేదు. శాలంకాయనుల నాటి బేహారి ‘సంస్కృతీవాహకుడు’. స్టీమరు పైతట్టుపై పడియున్నవాడు ‘కూలి’. ఇరువురును పోయినది ఒక్క ఆశతోనే. మొదటివాడు కూడ ఊరిలో సుఖముగా బ్రతుకగలిగియుండినచో మహాజనకునివలె నడిసముద్రమున ఈదుటకు పోయియుండడు. ప్రాచీనునికి శాసనము కలదు, ఈతనికి మేస్త్రీ చిట్టా కలదు. చరిత్రకారునికి రెండును పత్రములే.

1930 మే నెలలో రంగూను రేవున పనిచేయు తెలుగు కూలీలు కూలి పెంచుమని సమ్మె చేసిరి. ఓడల కంపెనీలు వారికి బదులుగా బర్మీయులను పెట్టుకొన్నవి. సమ్మె తీరిన పిదప తెలుగువారిని తిరిగి తీసుకొని బర్మీయులను పొమ్మన్నవి. 26వ తేదీ ఉదయమున రేవున ఇరుపక్షములకు పుట్టిన పోరు నగరమంతట అల్లుకొన్నది. వందమందికి పైగా చనిపోయిరి. చనిపోయినవారిలో తెలుగువారు ఎక్కువ. తగవు వాస్తవముగా ఇరువురు బీదల నడుమ కాదు. ఒకనిని చూపి ఒకని కూలి తగ్గించిన విధానము దానికి మూలము. ఐనను కత్తి పట్టినవాడు విధానమును చూడజాలడు, ఎదుటివానిని చూచును. 1938లో మరల అల్లరులు రేగినవి.

1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942 మార్చి 8వ తేదీకి నగరము వారి వశమయ్యెను. ఓడలలో చోటు దొరకినవారు కొందరు. మిగిలినవారు అరకాను కొండలపైనుండియు, మణిపురపు అడవులనుండియు కాలినడకను బయలుదేరిరి. సుమారు నాలుగైదు లక్షలమంది భారతీయులు ఇట్లు ఇల్లు చేరిరి. త్రోవలో వేలకొలదిగా విషూచికి, చలిజ్వరమునకు, ఆకలికి బలియైరి. యుద్ధానంతరము కొందరు తిరిగి పోయిరి. 1962లో సైనిక ప్రభుత్వము వచ్చెను. 1964లో అంగళ్ళు జాతీయము చేయబడెను, ఆ మేనెలలోనే పెద్ద నోట్లు రద్దయ్యెను. ఆ దశాబ్దిలో సుమారు మూడు లక్షల భారతీయులు ఆ దేశమును విడిచిరి. సంపాదించిన నగలను వెంట తీసుకొని పోవుటకు వారికి అనుమతి లేకపోయెను. సువర్ణభూమికి పోయినవారు తుదకు బంగారమును అచటనే విడిచి రావలసి వచ్చినది. విశాఖపట్నమున వారికై ఏర్పడిన బర్మా క్యాంపు నేటికిని ఆ పేరుతోనే నగరమున ఒక పేట. రానివారును కలరు. మోల్మేను మొదలగు ప్రాంతములలో తెలుగు కుటుంబములు నేటికిని బర్మా పౌరులై జీవించుచున్నవి. వారి వాడుకలోని మాటలను, పెండ్లి పాటలను, మ్రొక్కుబడులను సేకరించినచో మన భాషకు ఒక నూతన మాండలికమే చేకూరగలదు. ఆ పని విశ్వవిద్యాలయములు చేయవలసినది. ఇండ్లలో తెలుగు మాటలాడు వృద్ధుల సంఖ్య ఏటేట తగ్గుచున్నది.

ఇక ఊరు. కోరంగి పాయకిరువైపుల మడ అడవి బలిసినది. 1978లో ప్రభుత్వము దానిని అభయారణ్యముగా ప్రకటించినది. మడచెట్ల వేరులు ఒండ్రును పట్టి నిలుపుచున్నవి. ఉప్పెన తాకిడిని అవి తగ్గించునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. 1789లోను 1839లోను ఊరిని ఊడ్చిన కెరటములకు నేడు అడ్డుగా నిలుచునది, రేవును పూడ్చిన ఒండ్రుపై మొలచిన ఈ అడవియే. ఓడలు దిగిన రేవుగట్టున జాలరుల పడవలు కట్టివేయబడియున్నవి. సప్తసాగరయాత్ర చేయు వారు కోరంగేశ్వరుని దర్శించి, పాయలో మునిగి, తరువాతి సంగమమునకు సాగిపోవుచున్నారు.